నిప్పు పిల్లల చేతికే: మా హైస్కూల్లో బార్బెక్యూ జట్టు

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, ఆస్టిన్‌కు ఉత్తరాన ఉన్న ఒక హైస్కూల్లో నేను కెమిస్ట్రీ చెబుతాను. అంతకుముందు గుంటూరులో ఇంటర్ పిల్లలకు అదే పాఠం చెప్పాను. మా స్కూల్లో విద్యార్థుల బార్బెక్యూ జట్టును ఎలా నిలబెట్టామో, పోటీలదాకా ఎలా తీసుకువెళ్లామో రాయమని డాలస్, హ్యూస్టన్ వైపు స్కూళ్లలో పనిచేస్తున్న తెలుగు టీచర్లు కొందరు అడిగారు. వాళ్లందరూ తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఒకటే: "అంత నిప్పు, అంత పెద్ద కత్తులు పిల్లలకు ఎలా అప్పగించారండీ?" నేను చెప్పదలచుకున్నదీ దాని గురించే.

ముందు ఈ వంట సంగతి కొంచెం చెప్పాలి. మన ఊళ్లలో బార్బెక్యూ అంటే ఇనుప చువ్వలకు గుచ్చి బొగ్గుల మీద కాల్చిన ముక్కలు. టెక్సాస్ పద్ధతిలో నిప్పు ఒకచోట, మాంసం ఇంకోచోట ఉంటాయి. ఒక పక్క ఇనుప పెట్టెలో కట్టెలు మండుతుంటే, ఆ వేడిగాలీ పొగా పొడవాటి గదిలోని మాంసం మీదుగా సాగి అవతలి చివర గొట్టంలోంచి బయటికి పోతాయి. మాంసం గంటల తరబడి ఆ వేడిలో మగ్గాలి. పంతొమ్మిదో శతాబ్దంలో మధ్య టెక్సాస్‌కు వచ్చి స్థిరపడిన జర్మన్, చెక్ కుటుంబాల మాంసం కొట్లలో ఈ వంట రూపు దిద్దుకుంది. లాక్‌హార్ట్ అనే చిన్న ఊళ్లో క్రైట్స్ మార్కెట్ అనే బార్బెక్యూ కొట్టు 1900 నుంచి, బ్లాక్స్ అనే మరో కొట్టు 1932 నుంచి నడుస్తున్నాయి. 1999లో టెక్సాస్ శాసనసభ ఆ ఊరిని రాష్ట్రానికి బార్బెక్యూ రాజధానిగా గుర్తించింది. ఇక్కడి పిల్లలకు శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ ఎంతో, పెరట్లో తాతగారి పిట్ కూడా అంతే. ఆ ఇనుప పొయ్యిని ఇక్కడ పిట్ అనే పిలుస్తారు.

హైస్కూలు జట్ల మధ్య పోటీలు 2010ల్లో బర్నెట్ అనే ఊరి హైస్కూల్లో మొదలై రాష్ట్రమంతా పాకాయి. జట్టు ఐదు రకాలు వండాలి: బ్రిస్కెట్ (ఆవు రొమ్ము మాంసం), పంది పక్కటెముకలు, సగం కోడి, పింటో బీన్స్ (రాజ్మా లాంటి గింజలు), ఒక తీపి. నిప్పు రాజేయడం దగ్గర నుంచి డబ్బాలో సర్ది న్యాయనిర్ణేతలకు అందించేదాకా ప్రతి పనీ విద్యార్థులదే. మేం వెళ్లిన పోటీల్లో టీచర్లు, తల్లిదండ్రులు పక్కన నిలబడవచ్చు, ఏదైనా చెప్పవచ్చు, చెయ్యి మాత్రం పెట్టకూడదు. నన్ను ఈ పనిలోకి లాగింది ఈ నియమమే. ఇక్కడ చాలా స్కూళ్లలో సైన్స్ ఫెయిర్ నమూనాలు సగం తల్లిదండ్రుల చేతిపని. ఇందులో ఆ వీలు లేదు.

మా స్కూల్లో ఇది దహన చర్య పాఠంతో మొదలైంది. ప్రాణవాయువు చాలినంత అందకపోతే ఇంధనం పూర్తిగా కాలదని, మసి, చేదు పదార్థాలు మిగులుతాయని చెబుతున్నాను. వెనక బల్లమీద కూర్చునే అమ్మాయి చెయ్యెత్తి, "మిస్, మా తాతయ్య పిట్‌లో పొగ సన్నగా నీలంగా వస్తుంది, మా నాన్న పిట్‌లో తెల్లగా దట్టంగా వస్తుంది, నాన్న వండింది చేదుగా ఉంటుంది. ఇదేనా కారణం?" అని అడిగింది. అదే కారణం. కట్టె పచ్చిగా ఉన్నా, గాలి చాలకపోయినా పొగ తెల్లగా చిక్కగా వస్తుంది, అందులోని జిడ్డు మాంసానికి అంటుకుంటుంది. మంట బాగా మండుతుంటే చెక్కలోని లిగ్నిన్ విడిపోయి గ్వాయకాల్, సిరింగాల్ అనే పదార్థాలు వస్తాయి. మనం పొగ రుచి, పొగ వాసన అనుకునేవి వాటి పుణ్యమే. ఆ రోజు పాఠం గంట కొట్టాక కూడా సాగింది. తర్వాతి వారం ఆ అమ్మాయి మరో నలుగురిని వెంటబెట్టుకొని వచ్చింది. జట్టు పెట్టాలంటే ఒక టీచర్ బాధ్యత తీసుకోవాలి, మీరు తీసుకుంటారా అని అడిగారు.

నేను బీఫ్ తినను. మా ఇంట్లో ఏనాడూ వండలేదు. ఇక్కడి పోటీల్లో పెద్దపీట బ్రిస్కెట్‌దే. అందుకే వెంటనే ఒప్పుకోలేదు. ఇంట్లో మాట్లాడుకున్నాం. అమ్మతో ఫోనులో మాట్లాడాను. "నువ్వు తినాలని ఎవరూ అనడం లేదు కదా, చదువు చెప్పడానికి వెళ్లినదానివి, చెప్పు" అంది అమ్మ. తెలుగు నేల మీద కూడా బీఫ్ తినే ఇళ్లు ఎన్నో ఉన్నాయి, తినని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఒకరి పళ్లెంలో ఏముండాలో చెప్పడం నా పని కాదని నాకు ఏనాడో తెలుసు. ప్రిన్సిపాల్‌కు నా షరతు ముందే చెప్పాను: నేను రుచి చూడను, ఆ పని పిల్లలు, వ్యవసాయ విభాగం టీచర్ చూసుకోవాలి. రెండో షరతు, జట్టులో ఎవరూ తమ నమ్మకానికి విరుద్ధమైనదాన్ని ముట్టుకోవలసిన అవసరం రాకూడదు. రెండింటికీ ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు.

ఆ రెండో షరతు జట్టును ఎంత చక్కగా మలిచిందో చెప్పాలి. ఒక ముస్లిం కుర్రాడు పంది మాంసం ముట్టుకోనన్నాడు, హలాల్ కాని బీఫ్ తిననన్నాడు. "నిప్పు నేను చూసుకుంటాను మిస్" అన్నాడు. అతనికి పొయ్యి దగ్గర ఉన్నంత ఓపిక నేను పెద్దవాళ్లలో కూడా చూడలేదు. మా వీధిలోనే ఉండే ఒక తెలుగు అమ్మాయి శాకాహారి. ఇంటి దగ్గర నన్ను ఆంటీ అని పిలుస్తుంది, బడిలో మాత్రం మిస్. ఆమె బీన్స్ బాధ్యత తీసుకుంది. మామూలుగా ఇక్కడ బీన్స్‌లో బేకన్ (ఉప్పు పట్టించిన పంది మాంసం) వేస్తారు, లేదా కుండను మాంసం కింద పెట్టి కారే కొవ్వు అందులో పడేలా చేస్తారు. ఈమెకు వేరే గ్యాస్ పొయ్యి, వేరే కుండ, వేరే గరిటె ఇచ్చాం. వాటి మీద ఎర్ర రంగు టేపు చుట్టాం. ఆ టేపు ఉన్న గరిటెను మాంసం దగ్గరికి తెచ్చిన వాళ్లు ఒక్కరూ లేరు.

కాగితాల పనిని త్వరగా దాటేస్తాను, కానీ అసలు జాప్యమంతా అక్కడే జరుగుతుంది. జిల్లా స్కూలు బోర్డు అనుమతి, బీమా, తల్లిదండ్రుల సంతకాలు కావాలి. పిల్లలందరూ టెక్సాస్ ఆరోగ్య శాఖ గుర్తించిన ఆహార భద్రత శిక్షణ పూర్తిచేసి కార్డు తెచ్చుకోవాలని మేం పట్టుబట్టాం. అందులో నేర్చుకునేవి ప్రాణం కాపాడే సంగతులు: పచ్చి కోడిని కోసిన పలక మీద ఇంకేదీ పెట్టకూడదు, కోడి లోపలి వేడి 165 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 74 సెల్సియస్ చేరాలి, 40కీ 140కీ మధ్య (సెల్సియస్‌లో 4 నుంచి 60) ఆహారాన్ని రెండు గంటలకు మించి ఉంచకూడదు. ఇక కత్తులు. బ్రిస్కెట్ కోసే కత్తి అలుగు అడుగు పొడవుంటుంది. టెక్సాస్ చట్టం ప్రకారం అయిదున్నర అంగుళాలకు మించిన అలుగు ఉన్న కత్తిని బడి ఆవరణలోకి తేవడం నేరం. స్కూలు రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప తేకూడదు. ఆ ఉత్తరం లేకుండా ఎవరూ అడుగు ముందుకు వేయకండి. మా కత్తులు తాళం వేసిన పెట్టెలో ఉంటాయి. తీసుకున్నవాళ్లు పేరు, సమయం రాసి సంతకం పెడతారు, తిరిగి పెట్టినప్పుడూ అంతే.

డబ్బు విషయానికొస్తే, పెద్ద ఖర్చు బ్రిస్కెట్‌దే. కోయని బ్రిస్కెట్ పన్నెండు నుంచి పదహారు పౌన్లు తూగుతుంది. పౌను నాలుగైదు డాలర్లు అనుకున్నా ఒక్కటే సుమారు యాభై నుంచి ఎనభై డాలర్లదాకా అవుతుంది. వారం వారం సాధనకు అంత పెట్టలేం. మాంసం వండి అమ్మి డబ్బు కూడబెడదామంటే దానికి కౌంటీ ఆరోగ్య శాఖ దగ్గర తాత్కాలిక అనుమతి తీసుకోవాలి. అందుకని మొదటి ఏడాది పిల్లలు కార్లు కడిగారు, ఫుట్‌బాల్ ఆటల దగ్గర నీళ్ల సీసాలు అమ్మారు. ఒక విద్యార్థి కుటుంబానికి పశువుల పొలం ఉంది. వాళ్ల పొలంలో పడిపోయిన పోస్ట్ ఓక్ చెట్టును కోసి కట్టెలు ఇచ్చారు. మధ్య టెక్సాస్‌లో బార్బెక్యూకు పోస్ట్ ఓక్‌నే వాడతారు. పడమటి వైపు మెస్కీట్, తూర్పు వైపు హికరీ ఎక్కువ. అన్నట్టు మెస్కీట్ మన సర్కారు తుమ్మకు దగ్గర చుట్టమే. దాని బొగ్గు ఎంత వేడిగా మండుతుందో పల్నాటి వాళ్లకు చెప్పనక్కరలేదు.

పిట్ కొనలేదు. మా స్కూల్లో వ్యవసాయ యంత్రాల తరగతి ఉంది. అక్కడ పిల్లలు వెల్డింగ్ నేర్చుకుంటారు, పశువుల తొట్లు, ట్రెయిలర్లు చేస్తారు. టెక్సాస్ గ్రామీణ స్కూళ్లలో ఇది మామూలే. ఆ తరగతి టీచర్ పాత 250 గ్యాలన్ల ప్రొపేన్ ట్యాంకు ఒకటి సంపాదించారు. ఇంట్లో వాడే గ్యాస్ బండకు పెద్దన్న అనుకోండి. ఖాళీ ట్యాంకే కదా అని నేరుగా కోస్తే ప్రాణాలు పోతాయి. లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది. ఆయన కవాటం తీయించి, కడిగించి, ట్యాంకు నిండా నీళ్లు నింపించి, నీళ్లు ఉండగానే మొదటి కోత వేయించారు. లోపలి నుంచి కుళ్లిన వాసన వస్తూనే ఉంది. గ్యాస్ కారితే తెలియాలని అందులో కలిపే మెర్కాప్టాన్ వాసన అది. గాలిలో అది ఎంతో కొంచెం ఉన్నా మన ముక్కు ఎందుకు పసిగడుతుందో నేను అక్కడే, ఆ షెడ్డులోనే, వెల్డింగ్ ముసుగులు పైకెత్తుకున్న పిల్లలకు చెప్పాను. నా ఉద్యోగ జీవితంలో అంత శ్రద్ధగా విన్న తరగతి ఇంకోటి లేదు. తర్వాత లోపల పెద్ద మంట వేసి, అదంతా కాలి పోయేదాకా ఆగి, అప్పుడు గ్రేట్లు, అంటే మాంసం పెట్టే ఇనుప జాలీలు, అమర్చారు. నిప్పుపెట్టెను పావు అంగుళం మందం ఉక్కు రేకుతో చేశారు. పలుచటి రేకు వేడికి వంకర పోతుంది, వేడిని నిలబెట్టుకోలేదు.

పిట్ తయారయ్యాక పిల్లలు మాంసం కోసం తొందరపడ్డారు. జట్టు నాయకురాలు, అంటే పొగ గురించి అడిగిన ఆ అమ్మాయి, ముందు నిప్పు నేర్చుకుందాం అంది. ఆమె తాతగారు నేర్పిన ఉపాయం ఒకటి ఉంది. దుకాణంలో దొరికే బిస్కెట్ పిండి ముద్దలను (ఇక్కడి బిస్కెట్ అంటే చిన్న బన్నులాంటిది) గ్రేటు మీద ఈ చివర నుంచి ఆ చివరదాకా వరసలుగా పేర్చి, తలుపు మూసి, కాసేపు ఆగి తెరవడం. నిప్పుపెట్టె పక్కన ఉన్నవి నల్లగా మాడాయి, మధ్యలోవి బంగారు రంగులో ఉన్నాయి, గొట్టం కింద మూలన ఉన్నవి తెల్లగా పిండిగానే ఉన్నాయి. పిల్లలు ఆ వరసలను కాగితం మీద గీసుకొని రంగులు వేశారు. బ్రిస్కెట్ ఎక్కడ, పక్కటెముకలు ఎక్కడ, కోడి ఎక్కడ పెట్టాలో ఆ పటమే చెప్పింది. రెండు డాలర్ల పిండితో అంత నేర్చుకున్నారు.

ఆ తర్వాత ఉత్త నీళ్ల పళ్లేలు పెట్టి 275 డిగ్రీలు, అంటే 135 సెల్సియస్, మధ్యాహ్నమంతా నిలబెట్టే సాధన. నిప్పు చూసే కుర్రాడు ఒక నోటుపుస్తకం పెట్టాడు. పావుగంటకోసారి వేడి, వేసిన కట్టె, గాలి తలుపు ఎంత తెరిచాడో, పొగ రంగు అన్నీ రాస్తాడు. కట్టెను మంటలో వేసేముందు నిప్పుపెట్టె పైన పెట్టి వేడెక్కిస్తే వెంటనే అంటుకుంటుంది, తెల్ల పొగ రాదు. ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే తన పుస్తకంలోని అంకెలు చూసి అతను కనిపెట్టాడు. పాతకాలపు పిట్ మాస్టర్లకు అది ఎప్పటినుంచో తెలిసిన పనే. కానీ పదహారేళ్ల కుర్రాడు సొంత లెక్కలతో దానిదాకా రావడం చూస్తే టీచర్‌కు కలిగే ఆనందం నేను మాటల్లో పెట్టలేను.

బ్రిస్కెట్ గురించి కొంచెం ఆగి చెబుతాను. అందులో రెండు కండరాలు ఒకదానిమీద ఒకటి ఉంటాయి. సన్నగా పలచగా ఉన్నదాన్ని ఫ్లాట్ అని, కొవ్వు ఎక్కువున్న లావుపాటిదాన్ని పాయింట్ అని అంటారు. ఆవు తన బరువులో పెద్ద భాగాన్ని మోసేది ఈ కండరాలతోనే. అందుకే వాటి నిండా కొలాజెన్ అనే గట్టి పోగులు ఉంటాయి. మామూలుగా కాల్చి తింటే తోలు నమిలినట్టే ఉంటుంది. నిదానంగా వేడెక్కితే ఆ కొలాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది. అందుకు సమయం కావాలి. వండటం మొదలుపెట్టిన కొన్ని గంటలకు మాంసం వేడి 150-170 డిగ్రీల మధ్య (65-77 సెల్సియస్) ఎక్కడో ఆగిపోతుంది. ఎంత మంట వేసినా థర్మామీటర్ ముల్లు కదలదు. కొత్తవాళ్లు కంగారుపడి కట్టెలు గుప్పిస్తారు. పైనుంచి ఆవిరవుతున్న తేమ మాంసాన్ని చల్లబరుస్తూ ఉంటుంది. కుండలో నీళ్లు చల్లబడేదీ, మనకు చెమట ఆరేదీ ఇదే సూత్రంతో. గ్రెగ్ బ్లాండర్ అనే భౌతిక శాస్త్రవేత్త దీన్ని ప్రయోగాలతో చూపించారు. పిల్లలు నా ల్యాబులో తడి స్పాంజి, పొడి స్పాంజిలతో చేసి చూసుకున్నారు. తడిది ఆగిపోయింది, పొడిది ఎక్కుతూ పోయింది. ఆ దశలో మాంసాన్ని దళసరి కాగితంలో చుడితే ఆవిరి తగ్గి వేడి మళ్లీ ఎక్కుతుంది. చివరికి 203 డిగ్రీల (95 సెల్సియస్) దగ్గర థర్మామీటర్ సూది వెన్నలో దిగినట్టు దిగుతుంది.

టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో జెఫ్ సావెల్ వంటి మాంస శాస్త్ర ఆచార్యులు బార్బెక్యూను మొదటి ఏడాది విద్యార్థులకు ఒక కోర్సుగా పెట్టి బోధించారు. ఆ సంగతి ప్రిన్సిపాల్‌కు, బోర్డుకు చెప్పడం మాకు ఎంతో పనికొచ్చింది. ఇది చదువు కిందికి ఎలా వస్తుందని అడిగేవాళ్లకు అదే మా మొదటి జవాబు. కోసిన బ్రిస్కెట్ అంచున కనిపించే గులాబీ రంగు పట్టీ పొగలోని నైట్రిక్ ఆక్సైడ్, మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్ కలిస్తే వస్తుంది. నా విద్యార్థులు దాన్ని పరీక్షలో రాయగలరు, పిట్ దగ్గర చూపించగలరు.

రుచి చూడకుండా నేనెలా నేర్పానని చాలామంది అడుగుతారు. చూసి, తాకి చెప్పగలిగేవి చాలా ఉన్నాయి. పెన్సిల్ మందం ముక్క కోసి వేలిమీద వేలాడదీస్తే తెగిపోకుండా రెండు వైపులా వంగాలి. మెల్లగా లాగితే విడిపోవాలి. వేలాడదీసినప్పుడే తునిగిపోతే ఎక్కువ ఉడికింది, లాగినా రాకపోతే ఉడకలేదు. చేతి తొడుగు వేసుకొని ఆ పరీక్ష నేను చేస్తాను, రుచి సంగతి పిల్లలు చెబుతారు. ఉప్పు ఎక్కువైందా, మిరియాలు ఘాటెక్కాయా అనేది వాళ్ల నిర్ణయం. నా నాలుక అడ్డు రాకపోవడం వాళ్లకు మేలే చేసింది. టీచర్‌కు ఏది నచ్చుతుందో చూసి వండే పిల్లలు కాకుండా పోయారు.

ఊళ్లోని తెలుగు కుటుంబాల్లో కొందరికి ఇది నచ్చలేదు. ఒక పెద్దాయన గుడి దగ్గర నన్ను ఆపి, "టీచర్ గారూ, మీరే దగ్గరుండి పిల్లలతో ఈ పని చేయించడం బాగుందా అమ్మా?" అన్నారు. ఆయన కోపంతో అనలేదు, బాధతో అన్నారు. అందుకని నేనూ తొందరపడకుండా కూర్చొని చెప్పాను. మన పిల్లలు ఇక్కడ పక్కవాళ్ల అలవాట్ల మధ్య పెరుగుతారు. తాము తిననిదాన్ని తినేవాళ్లను గౌరవిస్తూనే తమ నియమాన్ని నిలబెట్టుకోవడం ఎలాగో నేర్చుకోవాలంటే ఎర్ర టేపు చుట్టిన గరిటె ఉన్న ఆ వంటశాలకంటే మంచి చోటు నాకు తెలియదన్నాను. ఆయన ఒప్పుకోలేదు. అయినా బీన్స్ చేసే అమ్మాయి వాళ్ల నాన్నగారు అదే వారం సాధనకు వచ్చి, చలిలో పిల్లలందరికీ అల్లం టీ కాచి ఇచ్చారు. నాకు అది చాలు.

పోటీ వసంతకాలంలో, ఒక కౌంటీ మైదానంలో జరిగింది. ముందురోజు సాయంత్రానికే ట్రెయిలర్ తోలుకొని వెళ్లాం. అధికారులు వచ్చి మాంసం చూశారు. పొట్లం విప్పి ఉండకూడదు, ముందే మసాలా పట్టించి ఉండకూడదు. తెల్లవారుజామున నిప్పు రాజేశారు. బ్రిస్కెట్ కొవ్వును పావు అంగుళం మిగిల్చి చెక్కారు, ఉప్పు, మిరియాలు పట్టించారు. పక్కటెముకల వెనక ఉండే పలుచటి పొరను ఒక మూల గోటితో లేపి, జారకుండా పేపర్ టవల్‌తో పట్టుకొని ఒక్క లాగుకి తీసేసింది ఆ పని చూసే అమ్మాయి. ఇంట్లో సాధన చేసి చేసి ఆమెకు అది అలవడింది. బీన్స్ అమ్మాయి జీలకర్రను పొడి మూకుడులో వేయించింది. టెక్సాస్ వంటలో జీలకర్ర ఎప్పటినుంచో ఉన్నదే, కానీ వేయించి, నూరి, దింపేముందు వేసే అలవాటు వాళ్ల అమ్మమ్మది. పొగ రుచికి ఎండబెట్టి పొగబెట్టిన మిరపకాయ వేసింది. మా పోటీలో బీన్స్‌లో వేసే ఏ ముక్కా గింజకంటే పెద్దగా ఉండకూడదని నియమం. ఉల్లిపాయను అంత సన్నగా తరగడం నేను పెళ్లి వంటల్లో తప్ప చూడలేదు.

పొద్దెక్కాక గాలి తిరిగింది. ఉత్తరం నుంచి చల్లగాలి వీచడం మొదలైతే ఇక్కడ గంటలో వాతావరణం మారిపోతుంది. పిట్ వేడి 275 నుంచి పడిపోతూ వచ్చింది. బ్రిస్కెట్ సరిగ్గా ఆ ఆగిపోయే దశలో ఉంది. పక్క జట్ల దగ్గర కూడా కేకలు వినిపిస్తున్నాయి. నిప్పు చూసే కుర్రాడు పుస్తకం తెరిచి చూశాడు, కట్టెలు పెంచలేదు. ట్రెయిలర్‌లో ఉన్న ప్లైవుడ్ చెక్కను తెప్పించి నిప్పుపెట్టె గాలి తలుపుకు కొంచెం దూరంగా అడ్డం పెట్టించాడు. పైన వేడెక్కుతున్న కట్టెల్లో సన్నవి ఏరి వేశాడు. ఇంతలో ఒక విద్యార్థి తండ్రి, మంచి వంటగాడు, ఆగలేక ముందుకు వచ్చి నిప్పుపెట్టె తలుపు మీద చెయ్యి వేయబోయాడు. నేను అడ్డం నిలబడ్డాను. "సర్, మనం చెయ్యి పెడితే వాళ్ల పళ్లెం పోటీలోంచి పోతుంది. పోటీ లేకపోయినా నేను ఆపేదాన్నే" అన్నాను. ఆయన వెనక్కి తగ్గి చేతులు కట్టుకొని నిలబడ్డారు. ఆ పది నిమిషాలు మా ఇద్దరికీ చాలా కష్టంగా గడిచాయి. ముల్లు పడటం ఆగింది. మెల్లగా ఎక్కింది.

మాంసం ఇప్పుడే చుట్టాలా, పైన నల్లటి పెచ్చు కట్టేదాకా ఆగాలా అని జట్టులో వాదన వచ్చింది. ఇద్దరు ఇటు, ఇద్దరు అటు. నాయకురాలు గోటితో పైభాగం గీకి చూసింది. మసాలా ఊడి రాలేదు. "చుట్టేద్దాం" అంది. ఒకసారి నిర్ణయం అయ్యాక ఎవరూ మళ్లీ మాట్లాడలేదు. నేను ఆ జట్టును చూసి ఎక్కువ గర్వపడింది ఆ నిమిషంలోనే.

అప్పగించే పద్ధతి కూడా చెప్పాలి. మూత ఉన్న తెల్లని థర్మోకోల్ డబ్బాలు పోటీవాళ్లే ఇస్తారు. డబ్బా మీద జట్టు పేరు ఉండదు, రెండు భాగాల చీటీ ఒకటి ఉంటుంది. ఒక భాగం మూతకు అతికి ఉంటుంది, రెండోది జట్టు దగ్గర దాచుకోవాలి. ఫలితం చదివేటప్పుడు అంకె కలిస్తేనే ఏ జట్టో తెలుస్తుంది. అలంకరణ ఉండకూడదు, సమయం దాటితే తీసుకోరు. బీన్స్, కోడి, పక్కటెముకలు, చివర బ్రిస్కెట్, వరసగా వెళ్లాయి. పీచ్ పళ్ల మీద పిండి వేసి కాల్చే కోబ్లర్ అనే వంటకాన్ని తీపి కింద ఇచ్చారు. ఫ్రెడరిక్స్‌బర్గ్ చుట్టుపక్కల తోటల పీచ్‌లు వేసవి మొదలయితేగాని రావు కాబట్టి నిల్వ ఉంచిన పళ్లే వాడారు.

బ్రిస్కెట్ చివరి బల్లదాకా, అంటే ఆఖరి విడత తీర్పుదాకా, చేరలేదు. కోడి చేరింది. బీన్స్‌కు బహుమతి వచ్చింది. అంకె చదివినప్పుడు తెలుగు అమ్మాయి చీటీని రెండుసార్లు చూసుకొని, తర్వాత నిప్పు చూసే కుర్రాడి చేయి పట్టుకొని వేదిక మీదికి లాక్కెళ్లింది. "ఉల్లిపాయలు వీడే తరిగాడు" అని మైకులో చెప్పింది.

రెండో ఏడాది మాకు రెండు జట్లు ఏర్పడ్డాయి. వంట తరగతి టీచర్ కూడా కలిశారు, నిప్పు పుస్తకాన్ని శుభ్రంగా తిరగరాసి కొత్త పిల్లలకు ఇచ్చారు. అందులో మొదటి పేజీలో బిస్కెట్ పటం ఉంది. వెల్డింగ్ తరగతి రెండో పిట్ మొదలుపెట్టింది. మొదటిదాంట్లో గొట్టం ఇరుకై గాలి సరిగా లాగడం లేదని గమనించి, ఈసారి వెడల్పు పెంచారు, దాన్ని గ్రేటు ఎత్తులో బిగించారు. నాయకురాలు కాలేజీకి వెళ్లిపోయింది. సెలవులకు వచ్చినప్పుడు షెడ్డుకు వచ్చి వెల్డింగ్ అతుకులు సుత్తితో కొట్టి చూస్తుంది.

మొదలుపెట్టాలనుకునే టీచర్లకు నా దగ్గరున్న సలహా ఇది: వేసవి సెలవులకు ముందే ప్రిన్సిపాల్‌ను కలవండి, ఎందుకంటే బీమా, కత్తుల అనుమతి రావడానికి నెలలు పడుతుంది. కట్టెలు ఏడాది ముందు కోయించి, నీడలో గాలి ఆడేలా పేర్పించండి. థర్మామీటర్లు మంచివి కొనండి, డబ్బు అక్కడ పొదుపు చేయకండి. మొదటి రెండు నెలలు మాంసం కొనకండి. ఇక పోటీ రోజున చల్లగాలి వీచినప్పుడు పక్కనున్న పెద్దవాళ్లను వెనక్కి పట్టుకోవడానికి మనసు గట్టి చేసుకోండి. మిగతాది పిల్లలు చేస్తారు, మా పిల్లలు చేశారు.